వారానికి నాలుగు గంటలు: ఇంట్లో పెద్దవాళ్ళను చూసుకుంటూ మనం మంచాన పడకుండా ఉండాలంటే ఎలా?

మా అత్తగారి బీపీ రోజుకు రెండుసార్లు చూసి పుస్తకంలో రాసేదాన్ని. పొద్దున్న ఏడింటికి ఒకసారి, రాత్రి ఎనిమిదింటికి ఒకసారి. ఆవిడకు పక్షవాతం వచ్చి ఎడమ వైపు పడిపోయాక పద్నాలుగు నెలల పాటు ఒక్క పూట తప్పలేదు. పట్టీ ఆవిడ చేతికి చుట్టడం, అంకె రాయడం, విప్పి మడిచి డబ్బాలో పెట్టేయడం. నా చేతికి ఒక్కసారి కూడా చుట్టుకోలేదు. ఒకరోజు మా అమ్మాయి "నీది కూడా చూడవే అమ్మా" అని బలవంతంగా కూర్చోబెట్టి చుట్టింది. 168, 104. మిషను పాడైందనుకుని అత్తగారికి మళ్ళీ చుట్టి చూశాను. ఆవిడది 130, 80. మిషను బాగానే ఉంది.

మాది విశాఖపట్నంలో కూర్మన్నపాలెం. మా ఆయనది స్టీల్ ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. అత్తగారు ఆరేళ్ళు మంచం మీద ఉన్నారు. చివరి రెండేళ్ళు మతిమరుపు కూడా తోడైంది. ఆ ఆరేళ్ళలో నేను ఆలస్యంగా నేర్చుకున్నవి మీరు ముందే తెలుసుకుంటే బాగుంటుందని ఇది రాస్తున్నాను. పెద్దవాళ్ళను చూసుకోవడం ఎలాగో చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. చూసుకునే మనిషిని ఎవరు చూసుకుంటారన్న మాట మాత్రం ఎవరూ ఎత్తరు.

నేను చెప్పేదంతా ఒక్క పని కోసమే. వారంలో ఒకరోజు, వరుసగా నాలుగు గంటలు, మీరు గుమ్మం దాటి బయట ఉండాలి. మీరు లేకుండా ఇల్లు నడవాలి. నాలుగే ఎందుకంటే, గంటా రెండు గంటలైతే రైతుబజారుకో మందుల షాపుకో వెళ్ళి రావడంతోనే సరిపోతుంది. అది విశ్రాంతి కాదు, ఇంకో పని. అదే నాలుగు గంటలైతే ఒక పూట మందు, ఒక పూట తిండి, కనీసం ఒకసారి బట్ట మార్చడం, రెండుసార్లు పక్క తిప్పడం మీరు కాకుండా ఇంకొకరు చేసి తీరాలి. అవి వాళ్ళ చేతికి అలవాటయ్యాయంటే ఇంట్లో రెండో మనిషి తయారైనట్టే. రేపు మీకు టైఫాయిడ్ వచ్చినా, మీ అమ్మగారింట్లో పెళ్ళి కుదిరినా భయపడక్కర్లేదు. ఇది ఒక్క వారంలో అయ్యేది కాదు. మాకు రెండు నెలలు పట్టింది.

1. ముందు మీ చెయ్యి చాచండి

రేపు పొద్దున్న కాఫీ తాగకముందు మీ బీపీ మీరు చూసుకోండి. ఐదు నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేలకు తగిలేలా కూర్చుని, మాట్లాడకుండా. వారం రోజులు రాయండి, ఆ పుస్తకంలోనే, ఆవిడ అంకెల పక్కనే. తరచూ 140, 90 దాటుతుంటే డాక్టరుకు చూపించుకోవాలి. 180, 120 దాటి ఛాతీలో నొప్పో, ఆయాసమో, చూపు మసకబారడమో ఉంటే ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్ళాలి. మీ వార్డులోని అర్బన్ హెల్త్ సెంటర్లో 30 ఏళ్ళు దాటినవాళ్ళకు బీపీ, షుగరు ఉచితంగా చూస్తారు. ఏఎన్ఎమ్ గానీ ఆశా కార్యకర్త గానీ పెద్దావిడను చూడడానికి ఇంటికి వచ్చినప్పుడు "నాకూ చూడమ్మా" అని అడగండి. మొహమాటపడకండి.

అంకెలకు అందని భారం ఇంకొకటుంది. దాన్ని కొలవడానికి స్టీవెన్ జారిట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన బృందంతో కలిసి 1980లో ఒక ప్రశ్నల పట్టిక తయారుచేశారు. 22 ప్రశ్నలుగా కుదించిన ఆ పట్టికను డాక్టర్లు ఇప్పటికీ వాడుతున్నారు. మీరు అంతదూరం వెళ్ళక్కర్లేదు. ఈ నాలుగూ చాలు. ఈ వారంలో ఎన్ని రాత్రులు వరుసగా ఐదు గంటలు నిద్రపోయారు? ఆఖరిసారి కూర్చుని అన్నం తిన్నది ఎప్పుడు? ఇంటి బయటి మనిషితో, జబ్బు ఊసు లేకుండా పది నిమిషాలు మాట్లాడింది ఎప్పుడు? మీ నొప్పి గురించి ఇంట్లో ఒక్కరికైనా చెప్పారా? నాలుగింటికీ తలవంచుకోవాల్సి వస్తే, కింద రాసిన పనులు వచ్చే నెల కాదు, ఈ ఆదివారమే మొదలుపెట్టండి.

2. మీ తలలో ఉన్నదంతా పుస్తకంలో పెట్టండి

నేను పెళ్ళికి వెళ్ళలేకపోయినప్పుడల్లా "నేను లేకపోతే ఆవిడ తినరు" అనేదాన్ని. అది నిజమే. ఎందుకంటే ఆవిడ ఎలా తింటారో నాకొక్కదానికే తెలుసు. దాన్ని నేనెవరికీ చెప్పలేదు.

రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొనండి. మొదటి పేజీలో మందులు. పేరు, ఎందుకు, ఎన్నింటికి, తిండికి ముందా తర్వాతా. డాక్టరు మందు మార్చినప్పుడు పాతది కొట్టేసి తేదీ వేయండి. రెండో పేజీలో ఫోన్ నెంబర్లు. మూడో పేజీలో జబ్బుల చరిత్ర, పడని మందులు. ఇవన్నీ ఎవరైనా చెబుతారు. అసలు పని నాలుగో పేజీది. ఆ మనిషి పేజీ అది.

మా నాలుగో పేజీలో ఇలా ఉండేది. "వీపుకు రెండు దిళ్ళు పెట్టి నిటారుగా కూర్చోబెట్టాకే తినిపించాలి. గడ్డం కొంచెం కిందకు వంచమనాలి. చిన్న చెంచా. పలచటి మజ్జిగ కంటే పెరుగన్నం మెత్తగా పిసికి పెడితే పొలమారదు. కుడి వైపు నుంచి పెట్టాలి. ఎడమ బుగ్గలో ముద్ద ఉండిపోతుంది, చివర్లో వేలితో చూడాలి. దగ్గొచ్చినా, గొంతు తడిగా గురగురమన్నా ఆపేయాలి. తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు. తినను అంటే పోట్లాడకండి, పది నిమిషాలాగి 'సింహాద్రప్పన్న ప్రసాదం' అనండి." ఆ చివరి వాక్యం ఏ డాక్టరూ రాసివ్వడు. మా ఇంటికొచ్చిన అటెండరుకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది మాత్రం అదే.

ఐదో పేజీలో రెండు గళ్ళు గీయండి. ఒకదానిలో "నాకు ఫోన్ చేయండి", రెండోదానిలో "నాకోసం ఆగకండి, 108కి చేయండి". మూతి ఒక పక్కకు లాగడం, చెయ్యి పడిపోవడం, మాట ముద్దగా రావడం, ఊపిరి అందకపోవడం, పిలిస్తే పలకకపోవడం రెండో గడిలోవి. పక్షవాతంలో గడ్డ కరిగించే ఇంజెక్షను లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. మీరు బీచ్ రోడ్డు నుంచి వచ్చేదాకా వాళ్ళు ఎదురుచూస్తూ కూర్చోకూడదు. ఈ పేజీ రాసి ఉంటేనే మీరు బయట ధైర్యంగా ఉండగలరు.

3. రెండో మనిషిని తయారుచేయండి

అన్నిటికంటే కష్టమైన మెట్టు ఇదే, అందుకే దీని గురించి ఎక్కువ రాస్తున్నాను.

ముందు ఇంట్లోవాళ్ళు. మా ఆయన మంచి మనిషి. తల్లంటే ప్రాణం. కానీ మొదటి ఏడాదంతా గుమ్మంలో నిలబడి "అమ్మ తిందా?" అని అడగడమే ఆయన వంతు. చేయడానికి మనసు లేక కాదు, చేతకాక. నేను కూడా "మీకు రాదులెండి" అని లాక్కుని చేసేసేదాన్ని. ఆ మాట మానేయండి. ఒక పని పూర్తిగా ఇచ్చేసి, ఆ సమయంలో మీరు వంటింట్లో ఉండండి. వంకరగా చేసినా అప్పుడే వెళ్ళి సరిచేయకండి. మా అత్తగారు కొడుకు చేత బట్ట మార్పించుకోవడానికి సిగ్గుపడ్డారు. అది ఆవిడ హక్కు. అందుకని ఆయనకు తినిపించడం, పక్క తిప్పడం, ఫిజియోథెరపిస్టు చెప్పిన కసరత్తు, మాత్రలు, జుట్టు దువ్వడం ఇచ్చాం. 'ఎ' షిఫ్టు (పొద్దున్న డ్యూటీ) వారంలో సాయంత్రం పూట, 'బి' షిఫ్టు (మధ్యాహ్నం డ్యూటీ) వారంలో పొద్దున్న పూట. అది క్యాలెండరులో పెన్నుతో రాసి గోడకు తగిలించాం. గోడ మీద ఉన్నదాన్ని నేను మళ్ళీ మళ్ళీ అడగక్కర్లేదు.

తర్వాత దూరాన ఉన్నవాళ్ళు. హైదరాబాదులో మరిది, బెంగుళూరులో ఆడపడుచు. ఏడాదికి రెండుసార్లు వచ్చి "అమ్మ బాగా చిక్కిపోయింది వదినా" అంటారు. ఆ మాట ఎంత గుచ్చుకుంటుందో అనుభవించినవాళ్ళకే తెలుసు. ఏళ్ళ తరబడి మింగి, ఒకరోజు పెళ్ళిపందిట్లో కక్కేస్తే అన్నదమ్ముల మధ్య మాటలు పోతాయి. దానికంటే ముందే ఒకసారి అందరినీ ఫోనులోకి పిలిచి కూర్చోండి. "కాస్త సాయం చేయండి" అనకండి. ఆ మాటకు అందరూ "తప్పకుండా" అంటారు, ఎవరూ ఏమీ చేయరు. కాగితం మీద మూడు అంకెలు రాసుకుని చదవండి. నెలకు ఎంత ఖర్చవుతోంది, రోజుకు ఎన్ని గంటల పని, మీరు ఎన్ని గంటలు నిద్రపోతున్నారు. తర్వాత ఒక్కొక్కరినీ ఒక్కో పని అడగండి. మరిదిని నేనిలా అడిగాను: "నెలనెలా డైపర్లు, రబ్బరు షీట్లు నువ్వే ఆర్డరు పెట్టు, ఐదో తారీకులోగా ఇంటికి రావాలి. అయిపోతే నీకే ఫోన్ చేస్తాను." ఆడపడుచును ఇలా: "రోజూ సాయంత్రం ఆరున్నరకు వీడియో కాల్ చేసి అమ్మతో ఇరవై నిమిషాలు మాట్లాడు. ఆ ఇరవై నిమిషాల్లో నేను స్నానం చేసుకుంటాను. వేసవి సెలవుల్లో పదిరోజులు నువ్వొచ్చి ఉండు, నేను మా పుట్టింటికి వెళ్తాను." మొదటి ఏడాది ఐదురోజులే వచ్చింది. ఆ ఐదురోజుల తర్వాత "చిక్కిపోయింది" అన్న మాట మళ్ళీ వినలేదు. "రాత్రిళ్ళు ఎలా తట్టుకుంటున్నావు వదినా" అంది. ఒక రాత్రి తనే లేచి చూసుకుంది కాబట్టి ఆ మాట వచ్చింది.

ఎవరూ కదలకపోతే, ఆస్తి పంచుకుని మొహం చాటేస్తే, 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం కింద పెద్దవాళ్ళే ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. దాని వివరాలు, ఇంకా ఏ సందేహమున్నా పెద్దవాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే 14567 ఎల్డర్‌లైన్‌కు ఫోన్ చేస్తే చెబుతారు. అది చివరి దారి. ఉందని తెలిసి ఉండడం మంచిది.

ఇక జీతానికి పెట్టుకునే మనిషి. ఏజెన్సీ ద్వారా అయినా, తెలిసినవాళ్ళ ద్వారా అయినా ఆధార్ కాపీ తీసుకోండి, పోలీసు వెరిఫికేషను అడగండి. అంతకు ముందు పనిచేసిన ఇంటివాళ్ళతో మాట్లాడండి. మొదటి మూడు రోజులు మీరు పక్కనే ఉండి ఆ పుస్తకం చూపిస్తూ చేయించండి. బంగారం, డబ్బు తాళం వేసి పెట్టండి. అది ఆమె మంచికి కూడా, రేపు ఏదైనా కనబడకపోతే ఆమె మీద నింద పడదు. వేళకు అన్నం, కాలు చాపడానికి చోటు, వారానికొక సెలవు ఇవ్వండి. మా ఇంటికి శ్రీకాకుళం నుంచి ఒకావిడ వచ్చేది. నేను మొదటిసారి బయటికి వెళ్తూ గుమ్మంలో తచ్చాడుతుంటే, "మీరెల్లండమ్మా, నానున్నాను కదా, ఏటవుద్ది" అని తలుపేసేసింది. ఇవాళ్టికీ ఆమెకు పండక్కి చీర పంపుతాను.

జీతానికి పెట్టుకునే స్తోమత లేకపోతే ఎదురింటి పిన్నిగారో, వీధి చివరి రిటైరైన మాస్టారో ఉంటారు. "మూడింటి నుంచి నాలుగింటి దాకా కూర్చోండి, మాట్లాడుతూ ఉంటే చాలు" అని చిన్నగా మొదలుపెట్టండి. అలా నలుగురు కలిసినా నాలుగు గంటలవుతాయి.

4. నడుము పోగొట్టుకోకండి

అత్తగారిని డిశ్చార్జి చేసిన రోజున ఆసుపత్రివాళ్ళు ఫైలు నిండా కాగితాలిచ్చారు. మనిషిని మంచం మీద ఎలా తిప్పాలో ఒక్కరూ చూపించలేదు. నేను చంకల కింద చేతులు పెట్టి లాగేదాన్ని. నాలుగు నెలలకు నా నడుము పట్టేసింది, ఆవిడ ఎడమ భుజం వాచిపోయింది. పక్షవాతం వచ్చిన చేతిని పట్టుకుని లాగితే భుజం కీలు జారుతుందని ఆ తర్వాత ఫిజియోథెరపిస్టు చెబితే తెలిసింది. అందుకని కేజీహెచ్, విమ్స్ లాంటి ప్రభుత్వ ఆసుపత్రి అయినా, ప్రైవేటు అయినా, డిశ్చార్జికి ముందురోజు వార్డు సిస్టరును బతిమాలైనా సరే మీ చేత ఒకసారి చేయించమనండి. చూస్తే రాదు, చేస్తేనే వస్తుంది.

ఇంట్లో ఇలా చేయండి. పాత నూలు దుప్పటి నాలుగు మడతలేసి ఆవిడ భుజాల నుంచి తొడల దాకా కింద పరచండి. అటొకరు, ఇటొకరు నిలబడి దుప్పటి అంచులు ఒంటికి దగ్గరగా చుట్టి పట్టుకుని, ఒకటి రెండు మూడు అనుకుని జరపండి. ఎత్తడం కాదు, జరపడం. ఒక్కరే ఉంటే, ఆవిడను మీ వైపుకే తిప్పుకోండి. అవతలి మోకాలు మడిచి, ఒక చెయ్యి భుజం మీద, ఒక చెయ్యి తుంటి మీద పెట్టి మీ వైపు దొర్లించండి. మీ మోకాళ్ళు వంగాలి గానీ నడుము వంగకూడదు. మంచం మీ తుంటి ఎత్తుకు ఉంటే సగం బాధ తప్పుతుంది. ఎత్తు పెంచడానికి, దించడానికి వీలున్న ఆసుపత్రి మంచాలు అద్దెకు కూడా ఇస్తారు.

కుర్చీలోకి మార్చేటప్పుడు కుర్చీ ఆవిడ బలంగా ఉన్న వైపు పెట్టండి. చక్రాల కుర్చీ అయితే బ్రేకు వేశారో లేదో చూడండి. ఆవిడ పాదాలు నేలకు ఆనాలి. పడిపోయిన కాలి మోకాలికి మీ మోకాలు అడ్డం పెట్టి, నడుము దగ్గర పట్టుకుని లేపండి. ఎప్పుడైనా కింద పడిపోతే గబుక్కున లాగేయకండి. ఎక్కడ నొప్పి ఉందో అడిగి, తుంటి దగ్గర నొప్పి అన్నా, కాలు పొట్టిగా అయినట్టో పక్కకు తిరిగినట్టో కనిపించినా కదపకుండా 108కి చేయండి.

రెండు గంటలకోసారి పక్క తిప్పడం, మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద దిండు పెట్టడం పుండ్లు పడకుండా కాపాడతాయి. మన విశాఖ ఉక్కపోతకు వీపు కింద చెమట నిలుస్తుంది, ప్రతిసారీ తుడిచి ఆరనివ్వండి. గాలి పరుపు మంచిదే కానీ అది కరెంటుతో నడుస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు రోజుల తరబడి ఊళ్ళో కరెంటు లేని సంగతి మనం మర్చిపోకూడదు. అక్టోబరు, నవంబరు నెలల్లో పదిరోజుల మందులు, డైపర్లు, తాగేనీళ్ళు ముందే పెట్టుకోండి.

5. రాత్రిని పంచుకోండి

పగలు ఎంత పనైనా తట్టుకోవచ్చు. మనిషిని విరిచేది రాత్రే. గంటకోసారి లేచే ఎనిమిది గంటల కంటే, తలుపేసుకుని ఒక్కపట్టున పడుకున్న ఐదు గంటలు మేలు. స్టీల్ ప్లాంటు ఇళ్ళల్లో వాళ్ళకు ఈ లెక్క బాగా తెలుసు. సి షిఫ్టు, అంటే రాత్రి డ్యూటీ, చేసొచ్చిన మనిషిని పగలు ఎవరూ లేపరు, పిల్లల్ని కూడా "నాన్న పడుకున్నారు" అని బయటికి తోలేస్తాం. మీరు చేస్తున్నది కూడా సి షిఫ్టే. మీకూ ఆ మర్యాద ఉండాలి. రాత్రి తొమ్మిది నుంచి రెండు దాకా ఒకరు, రెండు నుంచి ఏడు దాకా ఒకరు. డ్యూటీ లేనివాళ్ళు వేరే గదిలో పడుకోవాలి. అదే గదిలో పడుకుంటే దగ్గు వినబడగానే లేస్తారు.

రాత్రి బట్ట మార్చే పనికి నర్సు ఒకావిడ నేర్పిన ఉపాయం ఇది. పరుపు మీద రబ్బరు షీటు, దాని మీద దుప్పటి, దాని మీద మళ్ళీ రబ్బరు షీటు, మళ్ళీ దుప్పటి. రాత్రి మూడు గంటలకు తడిస్తే పై రెండూ లాగేస్తే చాలు, కింద పొడి పక్క సిద్ధంగా ఉంటుంది. లైటు మొత్తం వేయక్కర్లేదు, ఆవిడా పూర్తిగా మేలుకోరు. ఇరవై నిమిషాల పని ఐదు నిమిషాలకు వచ్చింది.

పక్క తడుస్తోందని నీళ్ళు తగ్గించకండి, వేళ మార్చండి. ఎక్కువ భాగం సాయంత్రం ఐదులోపు తాగించండి. నీరు లాగే మాత్ర ఉంటే పొద్దున్నకు మార్చవచ్చా అని డాక్టరును అడగండి. మతిమరుపు ఉన్నవాళ్ళు దీపాలు పెట్టే వేళకు కంగారుపడతారు, "మా ఇంటికి పోతాను" అంటారు. ఐదున్నరకే గదిలో లైట్లన్నీ వేసి, కర్టెన్లు మూసేస్తే మాకు కొంత నయమనిపించింది. మీ అంతట మీరు నిద్రమాత్రలు ఇవ్వకండి, వాటివల్ల పడిపోవడం, మతి తప్పడం ఎక్కువవుతుంది. నిన్నటిదాకా బాగున్న మనిషి ఒక్క రోజులో తికమకగా మాట్లాడడం మొదలుపెడితే అది వయసు కాదు. మూత్రంలో ఇన్ఫెక్షను, ఒంట్లో నీళ్ళు తగ్గడం, సోడియం పడిపోవడం కావచ్చు. ఎండాకాలంలో ఇది మరీ ఎక్కువ. ఆ రోజే చూపించాలి.

6. కోపం వచ్చినప్పుడు

ఒక రాత్రి ఆయన డ్యూటీలో ఉన్నారు. మూడోసారి పక్క మార్చాను. ఆవిడ మళ్ళీ డైపరు పీకేయబోతుంటే మణికట్టు పట్టుకుని ఆపాను. గట్టిగా పట్టుకున్నాను. పొద్దున్న ఒళ్ళు తుడుస్తుంటే ఆ మణికట్టు మీద నాలుగు వేళ్ళ మచ్చలు ఊదారంగులో కనిపించాయి. ముసలివాళ్ళ చర్మం ఉల్లిపొర లాంటిది. ఆవిడ ఆ చేత్తోనే నా చెంప నిమిరారు, రాత్రి సంగతి గుర్తులేదు. నేను బాత్రూములోకి వెళ్ళి ఏడ్చాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ సాయంత్రమే ఎవరో ఒకరు వచ్చి కూర్చునేవారు.

కాబట్టి మీరు చెప్పండి. కోపం పొంగుతోందని తెలియగానే మంచం కడ్డీ పైకెత్తి, చక్రాల కుర్చీలో ఉంటే బ్రేకు వేసి, ఐదు నిమిషాలు బాల్కనీలోకి వెళ్ళిపోండి. ఆ ఐదు నిమిషాలు తడి పక్కలో ఉన్నా ఆవిడకు ఏమీ కాదు. తర్వాత పుస్తకంలో ఒక గీత పెట్టండి. వారంలో మూడు గీతలు వచ్చాయంటే మీకు మనిషి సాయం కావాలని అర్థం, మీరు చెడ్డవాళ్ళని కాదు.

ఒకే ప్రశ్న వందసార్లు అడిగినప్పుడు నిజం చెప్పి గెలవాలని చూడకండి. మా మామగారు పోయి పదేళ్ళయినా "ఆయన వచ్చారా?" అని అడిగేవారు. పోయారని చెబితే ప్రతిసారీ కొత్తగా ఏడ్చేవారు. "మామయ్యగారు మీకు ఏం కొనిపెట్టేవారు?" అని అడగడం మొదలుపెట్టాక పూర్ణా మార్కెట్టు, బెల్లం జీడిపప్పు, అలా మాటల్లో పడిపోయేవారు. మనిషి ఎదురుగా ఉండగానే ఆవిడను పోగొట్టుకుంటున్న దుఃఖం ఒకటుంటుంది. దానికి పేరు తెలియక మనం విసుగు అనుకుంటాం.

రెండు వారాలకు పైగా దేని మీదా మనసు నిలవకపోయినా, ఆకలి, నిద్ర పోయినా, బతకాలనిపించకపోయినా, ఆవిడను ఏమైనా చేసేస్తానేమోనని భయం వేసినా మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే 14416 టెలిమానస్‌కు ఫోన్ చేయండి. 2022లో మొదలైంది, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు. చినవాల్తేరు మానసిక ఆసుపత్రి పేరు చెబితే మన ఊళ్ళో ఇప్పటికీ నవ్వుతారు. నవ్వనీయండి. ఓపీకి వెళ్ళి డాక్టరుతో మాట్లాడి మందు తెచ్చుకోవడం బీపీకి మందు తెచ్చుకోవడం లాంటిదే.

7. కాగితాలు, డబ్బు

మనసు మీది బరువులో సగం డబ్బుదే. ఒక మధ్యాహ్నం కూర్చుని ఇవి తేల్చేయండి.

70 ఏళ్ళు నిండినవాళ్ళకు ఆదాయంతో పనిలేకుండా ఏడాదికి 5 లక్షల దాకా ఆసుపత్రి వైద్యానికి ఆయుష్మాన్ వయ వందన కార్డు ఉంది, 2024 అక్టోబరులో మొదలైంది, ఆధార్ కావాలి. అది ఆసుపత్రిలో చేరితేనే, ఇంట్లో డైపర్లకూ అటెండరుకూ రాదు. ఎన్టీఆర్ భరోసా కింద వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలు. పక్షవాతంతో పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్ళకు 15,000. అర్హత, డాక్టరు సర్టిఫికెట్టు సంగతి మీ వార్డు సచివాలయంలో అడగండి.

ఉద్యోగం చేసి రిటైరైనవాళ్ళయితే నవంబరులో లైఫ్ సర్టిఫికెట్టు ఉంటుంది. మంచం మీది మనిషిని ఆటోలో వేసుకుని బ్యాంకుకు మోసుకెళ్ళకండి. ఫోనులో ముఖం చూపించి జీవన్ ప్రమాణ్ అనే డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్టు ఇవ్వొచ్చు, లేదా పోస్టుమ్యాన్‌ను ఇంటికి పిలవొచ్చు. 70 దాటినవాళ్ళకు ఇంటి దగ్గరే బ్యాంకు సేవలివ్వాలని రిజర్వు బ్యాంకు 2017లోనే చెప్పింది. సంతకం పెట్టలేని స్థితిలో ఉంటే వేలిముద్రతో, ఇద్దరు సాక్షులతో డబ్బు తీయవచ్చు. సాక్షుల్లో ఒకరు బ్యాంకు అధికారి.

మతిమరుపు మొదలైందని డాక్టరు చెప్పిన నెలలోనే ఖాతాలు జాయింటు చేయించండి, వీలునామా ఉందో లేదో అడగండి. దేని మీద సంతకం పెడుతున్నారో తెలియని స్థితి వచ్చాక పవరాఫ్ అటార్నీ పనికిరాదు. అప్పుడు గార్డియన్ కోసం కోర్టుకు వెళ్ళాల్సి వస్తుంది. "ఆస్తి కోసం చూస్తోంది" అంటారని భయపడి నేను ఆలస్యం చేశాను. అన్నదమ్ములందరి ముందూ అడిగితే ఆ మాట రాదు.

8. ఆ నాలుగు గంటలు

రోజు ముందే నిర్ణయించండి. మాది గురువారం, రెండింటి నుంచి ఆరింటి దాకా. బయలుదేరే ముందు పుస్తకం అప్పజెప్పండి, మాత్రలు డబ్బాలో వేసి పెట్టండి, ఎప్పుడు తిరిగొస్తారో పెద్దావిడకు కూడా చెప్పండి. గుర్తుండకపోయినా చెప్పండి.

మొదటిసారి నేను బస్సెక్కి ఆర్కే బీచ్‌కు వెళ్ళాను. రామకృష్ణ మఠం ఎదురుగా గట్టు మీద కూర్చున్నాను. ఏం చేయాలో తెలియలేదు. చేతులు ఖాళీగా ఉండడం ఎంత వింతగా ఉంటుందో. గంటలో ఇంటికి ఆరుసార్లు ఫోన్ చేశాను. ఏడోసారి మా శ్రీకాకుళం ఆవిడ ఎత్తలేదు. గుండె ఆగినంత పనైంది, పరుగున తిరిగొచ్చేశాను. ఆమె ఒళ్ళు తుడుస్తోంది, చెయ్యి ఖాళీ లేదు, అంతే. అందుకని ఫోను విషయం ముందే ఒప్పందం చేసుకోండి. నాలుగింటికి వాళ్ళే ఒక మెసేజ్ పెట్టాలి, మీరు చేయకూడదు.

ఆ గంటల్లో ఇంటి పని పెట్టుకోకండి. దారిలోనే కదా అని మందుల షాపుకు వెళ్ళకండి. నెలలో ఒక గురువారం మీ డాక్టరుకు, దంతాలకు, కళ్ళకు ఇవ్వొచ్చు, మిగతావి వద్దు. మార్గశిర గురువారాల్లో బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దగ్గర లైనులో నిల్చోవడం కూడా నాకు విశ్రాంతే అనిపించేది. మీకు సినిమా కావచ్చు, చెల్లెలి ఇంట్లో నిద్ర కావచ్చు, ఊరికే నడక కావచ్చు. ఎవరైనా వీధిలో "అత్తగారిని వదిలేసి షికార్లా?" అంటే, "ఆరింటికల్లా వచ్చేస్తానండి" అని నడవండి. వివరణ ఇవ్వడం మొదలుపెడితే పది నిమిషాలు పోతాయి.

నాలుగో గురువారానికి గానీ నా భుజాలు దిగలేదు. మూడు నెలలకు, మందు కూడా వేసుకుంటూ ఉన్నాను కాబట్టి, పుస్తకంలో నా గడిలో 138, 86 రాశాను.

కొన్ని వారాలు తప్పుతాయి. జ్వరం వస్తుంది, అటెండరు ఊరెళ్తుంది, ఆయనకు ఓవర్‌టైమ్ పడుతుంది. అప్పుడు ఆ గురువారాన్ని కొట్టేయకండి, పక్కన ఇంకో రోజు రాయండి. శనివారమని రాసి, కింద ఎవరు కూర్చుంటారో వాళ్ళ పేరు కూడా రాయండి. పేరు లేని గడి ఉంటే ఆ రాత్రే ఫోన్ చేసి నింపండి.